పీడీ-ఎల్1 కోసం ఈ1ఎల్3ఎన్ యాంటీబాడీ: నెల్లూరు ల్యాబ్‌లో చాలాకాలం వాడాక

సెల్ సిగ్నలింగ్ టెక్నాలజీ అనే కంపెనీ వాళ్ల కుందేలు మోనోక్లోనల్ యాంటీబాడీ ఇది, అంటే ఒక ప్రొటీన్‌లో ఒకే చోటుని వెతికి అతుక్కునే అణువు. నెల్లూరులో మా రీసెర్చ్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాడుతున్నాం. ఇది పట్టుకునేది పీడీ-ఎల్1 ప్రొటీన్‌ని. రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ కణం మీదున్న పీడీ-1 అనే ప్రొటీన్‌కి పీడీ-ఎల్1 అతుక్కుంటే ఆ కణం దాడి తగ్గిస్తుంది. చాలా క్యాన్సర్ గడ్డలు ఈ దారినే తప్పించుకుంటాయి. 1992లో పీడీ-1ని కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు 2018లో నోబెల్ రావడానికి కారణం ఇదే.

మాకు ఎక్కువగా వచ్చేవి నోటి క్యాన్సర్ బ్లాకులు, అంటే మైనంలో పెట్టిన గడ్డ ముక్కలు. వాటి నుంచి కోసిన పలచటి ముక్కల్ని ఈడీటీఏ బఫర్ అనే ద్రావణంలో బాగా ఉడికించాక ఈ యాంటీబాడీ వేస్తే పీడీ-ఎల్1 ఉన్న కణం అంచున గోధుమరంగు గీత తేటగా వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ చాలా తక్కువ. ఇది నాకు బాగా నచ్చిన గుణం. అయినా పోల్చి చూడటానికి టాన్సిల్ ముక్క పక్కన లేనిదే ఏ స్లైడునూ నమ్మను. టాన్సిల్ క్రిప్టుల్లోని (లోతైన గుంటల్లోని) ఎపిథీలియం, అంటే పైపొర కణాలు, గట్టిగా రంగు పట్టాలి, లింఫోసైట్లు (ఒకరకం తెల్లరక్తకణాలు) దాదాపు రంగు లేకుండా ఉండాలి. అలా రాకపోతే ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేయడమే. గడ్డలో దూరిన మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగే రోగనిరోధక కణాలు) కూడా రంగు పడతాయి. కొత్తగా చేరిన పిల్లలు వాటిని క్యాన్సర్ కణాల్లో కలిపి లెక్కేస్తుంటారు, పక్కన కూర్చుని చూపించాల్సిందే. ముక్కలు కోసి నెలల తరబడి ఉంచిన స్లైడ్లలో రంగు పలచబడుతుంది. అప్పటికప్పుడు కోసుకోండి.

బతికున్న కణాల మీద ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలిచే పద్ధతి) చేద్దామనుకుంటే మాత్రం ఇది పనికిరాదు. ఈ క్లోన్ (ఈ రకం యాంటీబాడీ) అతుక్కునేది ప్రొటీన్‌లో కణం లోపలుండే తోక భాగానికి. దానికి బయటి భాగాన్ని పట్టే వేరే క్లోన్ కొనుక్కోవాలి. ప్రొటీన్లని బరువుని బట్టి విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండ్ 33 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర కాక 40–50 మధ్య కనబడితే టెన్షన్ పడొద్దు, ప్రొటీన్‌కి చక్కెర గొలుసులు అంటుకుని ఉండటం వల్ల అలా వస్తుంది.

యాంటీబాడీ ఉన్న ద్రావణంలో సగం గ్లిసరాల్ కాబట్టి మైనస్ 20లో కూడా గడ్డకట్టదు, చిన్న సీసాల్లోకి పంచక్కర్లేదు. రోహిణి కార్తెలో కరెంటు పోతే ఇది పెద్ద ఊరట. ధర మాత్రం మా గ్రాంట్లకు బరువే.

పేషెంట్ల బంధువులు కొందరు మా ఫలితం పట్టుకుని పెంబ్రోలిజుమాబ్ (పీడీ-1ని అడ్డుకునే క్యాన్సర్ మందు) మొదలుపెట్టొచ్చా అని ఆశగా అడుగుతారు. కుదరదని నేనే చెప్తాను. ఇది రీసెర్చ్ కోసం అమ్మేది. ఆ మందు నిర్ణయానికి 22సీ3 (పీడీ-ఎల్1నే పట్టుకునే మరో యాంటీబాడీ) లాంటి ఆమోదం పొందిన కిట్‌తో, దానికి చెప్పిన మెషీన్ మీద చేసిన రిపోర్టు కావాలి.