చంటిపిల్లలతో క్రూయిజ్: గది తప్పితే యాత్రే తప్పింది

ఏడు రాత్రుల క్రూయిజ్‌లో మా పదిహేను నెలల పాప మొదటి నాలుగు రాత్రులూ తెల్లవారుజామున అయిదు కాకముందే ఉలిక్కిపడి లేచింది. సముద్రం ప్రశాంతంగానే ఉంది, పాప ఒంట్లో నలతా లేదు. మా గది నెత్తిన ఈతకొలను ఉన్న డెక్, అంటే ఓడ అంతస్తు, ఉంది. ప్రయాణికులు లేచేలోగా సిబ్బంది ఆ డెక్‌ను కడిగి, పడక కుర్చీలన్నింటినీ ఈడ్చి వరుసల్లో పెడతారు. ఆ ఈడ్పు ఉక్కు పైకప్పు గుండా కిందికి ఎంత గట్టిగా దిగుతుందో ఆ గదిలో పడుకున్నవారికే తెలుస్తుంది. పాప లేస్తే నాలుగేళ్ల అన్న లేస్తాడు, అన్న లేస్తే ఇక ఆ గదిలో ఎవరికీ నిద్ర ఉండదు. ఓడరేవుల్లో దిగిన మూడు రోజులూ హాయిగానే గడిచాయి కాబట్టి వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. నేను రాయదలచినదల్లా ఆ గది గురించీ, ఏడాది తరువాత మేము తీసుకున్న మరో రెండు గదుల గురించీ మాత్రమే.

మొదటిసారి మేము ‘గ్యారంటీ’ పద్ధతిలో గది తీసుకున్నాము. అంటే గది తరగతికి మాత్రమే కంపెనీ హామీ ఇస్తుంది. గది నంబరును, అది ఓడలో ఎక్కడ ఉండాలన్నదానిని తరువాత తానే నిర్ణయిస్తుంది. అందుకు ప్రతిగా ధర కొంత తగ్గిస్తుంది. మాకు తగ్గినది మొత్తం బిల్లులో నూటికి 8 వంతులు. టికెట్లు అమ్మిన ఏజెంటు “నలుగురికి సరిపడే గది, నాలుగు పడకలు ఉంటాయి” అని చెప్పారు, మేము నమ్మాము. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ మాకు అవసరమైన నిజమూ లేదు. నాలుగు పడకల్లో రెండు పైకప్పు నుంచి కిందికి దింపే పడకలు, నిచ్చెన వేసుకుని ఎక్కవలసినవి. సుమారు ఆరేళ్లు నిండని పిల్లలను అలాంటి పడకల మీద పడుకోబెట్టరాదని చాలా కంపెనీలే చెబుతాయి. నాలుగేళ్ల బాబు ఉన్నాడని వయసుతో సహా ఫారంలో రాసి ఇచ్చిన తరువాత కూడా ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. చివరకు బాబు మా ఇద్దరి మధ్య పడుకున్నాడు. పాపకోసం తెచ్చి ఇచ్చిన మడత తొట్టెను మంచానికీ బల్లకూ మధ్య పెడితే బాత్రూమ్ తలుపు సగమే తెరుచుకునేది. సుమారు 15 చదరపు మీటర్ల గదిలో, బాత్రూమ్ కూడా అందులో కలిపే, తొట్టె ఎక్కడ పడుతుందన్నది ముందుగా గీసి చూసుకోవలసిన విషయమని అప్పుడు తెలిసింది.

రెండో రోజు ఉదయం అతిథి సేవల కౌంటరుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి నా వైపు తల కూడా ఎత్తకుండా, ఓడ నిండిపోయిందనీ, గది మార్చడం కుదరదనీ చెప్పి, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు నాలుగు జతలు కవరులో వేసి ఇచ్చారు. మా నలుగురిలో ఒకరికి పదిహేను నెలలని నేను రెండుసార్లు చెప్పాను. ఆ వయసు పిల్ల చెవిలో పెట్టిన వస్తువు మరుక్షణమే నోట్లోకి పోతుంది. గది లేకపోవడం వారి తప్పు కాదని ఒప్పుకుంటాను. కానీ పసిపిల్లల తల్లి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే ఆమె చెప్పేది ఏమిటో వినకుండా ఇచ్చిన ఆ కవరు నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది సాయంత్రాలది. మా పిల్లలు ఏడున్నరకు నిద్రపోతారు. కిటికీ లేని లోపలి గదిలో దీపం ఆర్పితే కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఆ చీకటిలో పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? ఓడంతా సంగీతంతో, వెలుగులతో మేలుకుని ఉన్న ఆ మూడు నాలుగు గంటలూ మావారు బాత్రూమ్‌లో దీపం వేసుకుని చదువుకునేవారు, నేను పాప పక్కన కదలకుండా పడుకుని ఉండేదాన్ని. మూడో రోజుకు మా ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. గది ఎంచుకునేటప్పుడు అందరూ పడకలు లెక్కపెడతారు, కిటికీ చూస్తారు. పిల్లలు పడుకున్నాక మేలుకుని ఉన్నవారికి చోటెక్కడ అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. చంటిపిల్లలున్నవారు అన్నిటికంటే ముందు వేయవలసినది అదేనని నా దృఢమైన అభిప్రాయం.

లోపలి గదిలో మంచి కూడా ఒకటి ఉంది, దానిని దాచను. ఆ చీకటి పగటి నిద్రకు వరం. మధ్యాహ్నం పైన ఈతకొలను దగ్గర కోలాహలం కొంత వినిపిస్తున్నా పాప రోజూ రెండున్నర గంటలు పడుకుంది. ఇంట్లో కూడా అంతసేపు పడుకోదు. పిల్ల రాత్రి ఎప్పుడు పడుకుంటే తామూ అప్పుడే పడుకునే తల్లిదండ్రులకు, పైనా కిందా గదులే ఉన్న చోట దొరికితే, లోపలి గది చాలు.

పసిపిల్లలు ఓడలో గడిపే సమయంలో ఎక్కువ భాగం గదిలోనే గడుస్తుందని కూడా ముందుగా తెలుసుకోవాలి. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని శిశువును ఎక్కించుకోవు. మహాసముద్రాన్ని దాటే ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. ఎక్కిన తరువాత, డైపర్ వేసుకునే పిల్లలను చాలా ఓడల్లో ఈతకొలనులోకి దిగనివ్వరు. నీళ్లలో వేసుకునే డైపర్ తొడిగినా అదే నియమం. పిల్లల క్లబ్బుల్లో ఎక్కువ భాగం మూడేళ్లు నిండి, మరుగుదొడ్డి అలవాటు అయిన పిల్లలనే చేర్చుకుంటాయి. అంటే ప్రకటనల్లో కనిపించే జారుడుబల్లలూ నీటి ఆటలూ పదిహేను నెలల పిల్లకు లేనట్లే. ఆ పిల్లకు నేలమీద పాకడానికి ఒక దుప్పటి పరచేంత జాగా, స్నానం చేయించడానికి వీలైన చోటు కావాలి. మామూలు గదుల్లో స్నానపు తొట్టె దాదాపు ఉండదు, ఇరుకైన షవర్ మాత్రమే ఉంటుంది. షవర్ అంటే బెదిరే మా పాపకు ఏడు రోజులూ చేతులు కడుక్కునే సింకులోనే స్నానం చేయించాను. డిస్నీ వారి ఓడల్లో చాలా గదులకు స్నానపు తొట్టె ఒక చిన్న గదిలోనూ, మరుగుదొడ్డి మరో చిన్న గదిలోనూ ఉండేట్లు కట్టారు. మేము ఆ ఓడలు ఎక్కలేదు గానీ, పిల్లల అవసరం తెలిసి గీసిన పటం అంటే అదే.

ఏడాది తరువాత మళ్లీ బయలుదేరేటప్పుడు మా అత్తగారు కూడా వస్తానన్నారు. ఈసారి గ్యారంటీ మాట ఎత్తనివ్వలేదు. నాలుగు సాయంత్రాలు డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం, ముందు పెట్టుకుని కూర్చున్నాము. ధరల తేడా తెలియడానికి మేము చూసిన రోజు లెక్కనే చెబుతాను. లోపలి గదిలో మొదటి ఇద్దరిలో ఒక్కొక్కరి ధర 100 అనుకుంటే, కిటికీ గదికి 120, బాల్కనీ గదికి 155 పడింది. ఒకే గదిలో మూడో మనిషికి అందులో దాదాపు సగమే. అయిదుగురికీ కలిపి ఒకే పెద్ద కుటుంబ సూట్ తీసుకుంటే మొత్తం 980. పక్కపక్కన ఉండి మధ్యలో తలుపున్న రెండు బాల్కనీ గదులకు 695. బాల్కనీ గది ఒకటి, నడవాకు అవతల లోపలి గది ఒకటి అయితే 585. ఓడరేవు పన్నులు, రోజువారీ టిప్పులు వీటికి అదనం; ఆ టిప్పు మా పాపకు కూడా పెద్దవారితో సమానంగా పడింది. ఆ సంగతి బిల్లు వచ్చేదాకా తెలియక మొదటిసారి మావారు చాలా బాధపడ్డారు.

మేము 695 పెట్టి రెండు గదులు తీసుకున్నాము. పిల్లలను మాత్రమే ఒక గదిలో రాయనివ్వరు కాబట్టి కాగితం మీద అత్తగారూ బాబూ ఒక గది, మేమిద్దరమూ పాపా ఒక గది. సూట్ కంటే ఇదే మేలని ఇప్పటికీ అంటాను. రెండు బాత్రూములు, రెండు బాల్కనీలు, మధ్యలో మూయగల తలుపు ఉన్నాయి. ఒక పిల్ల ఏడ్చినా రెండో పిల్లవాడు లేవలేదు. గదులు మధ్యలో తలుపుతో కలిసినవా, కేవలం పక్కపక్కన ఉన్నవా అన్నది డెక్ ప్లాన్‌లోని గుర్తును బట్టి సరిచూసుకోవాలి. ఏజెంటు నోటిమాట చాలదు. ఇంకొక మాట. ఒక్క గదే తీసుకునేవారు ఇలా మధ్యతలుపున్న గదిని తీసుకోకూడదు. ఆ తలుపు గుండా పక్కవారి టీవీ మీకూ, మీ పాప ఏడుపు వారికీ గోడ లేనంతగా వినిపిస్తుంది.

చోటు విషయంలో మా నియమం ఒక్కటే: పైన గదులు ఉండాలి, కింద గదులు ఉండాలి, ఓడ పొడవులో మధ్యన ఉండాలి. అలలకు ఓడ ముందూ వెనుకా లేచి పడేటప్పుడు చివరల్లో ఉన్నవారికి ఊపు ఎక్కువ, నడుమన ఉన్నవారికి తక్కువ. పక్కలకు ఒరిగే ఊపు పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. ఓడకు ఉండే స్టెబిలైజర్ రెక్కలు ఆ పక్క ఊపునే తగ్గిస్తాయి గానీ, ముందువెనుకల ఊపును పెద్దగా తగ్గించలేవు. ముందు భాగంలో కింది డెక్కుల మీద చవకగా దొరికే గదులకు మరో బెడద ఉంది. తెల్లవారి రేవు చేరేటప్పుడు లంగరు గొలుసు దిగే చప్పుడు, ఓడను పక్కకు జరిపే థ్రస్టర్ల హోరు అక్కడే పుడతాయి. డెక్ ప్లాన్‌లో ఏ పేరూ లేకుండా ఖాళీగా వదిలిన చోట్లు ఉంటాయి, వాటిని అనుమానించండి. అవి చాలాసార్లు వంటశాల సామాను తిప్పే దారులో, సిబ్బంది పనిచేసే చోట్లో అయి ఉంటాయి. నాటకశాల పైన, డిస్కో పక్కన గది వద్దని చెప్పనక్కరలేదు. లిఫ్టుకు మరీ ఆనుకుని వద్దు, మరీ దూరమూ వద్దు; మాకు ఆరు తలుపుల దూరం చక్కగా సరిపోయింది. స్ట్రోలర్ (పిల్లల తోపుడుబండి) మాత్రం వెడల్పు కొలుచుకుని తీసుకెళ్లాలి. గది తలుపులు ఇరుకు, నడవాలో వదిలేయడానికి వీల్లేదు, అది ప్రమాద సమయంలో జనం నడిచే దారి. మా మొదటి స్ట్రోలర్ తలుపులో పట్టక రోజుకు నాలుగైదుసార్లు మడిచి లోపలికి లాగవలసి వచ్చింది.

బాల్కనీ అంటే భయపడే తల్లిదండ్రులు ఉన్నారు, ఆ భయం సరైనదే. అమెరికా రేవుల్లో ప్రయాణికులను ఎక్కించుకునే పెద్ద ఓడలకు 2010 నాటి చట్టం ప్రకారం రెయిలింగు ఎత్తు 42 అంగుళాలకు తగ్గకూడదు. రెండేళ్ల పిల్ల దానిని తనంతట ఎక్కలేదు. అసలు ప్రమాదం దాని పక్కన ఉన్న కుర్చీతో. మేము కూర్చోని సమయమంతా కుర్చీలనూ చిన్న బల్లనూ గదిలోకి తెచ్చి పెట్టాము, తలుపు గడియ ఎప్పుడూ వేసే ఉంచాము. గది తలుపూ బాల్కనీ తలుపూ ఒకేసారి తెరిస్తే గాలి ఆ బరువైన తలుపులను విసురుగా మూసేస్తుంది. రెండో రోజు బాబు వేళ్లు రెప్పపాటులో తప్పాయి. ఆ తరువాత ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలన్న నియమాన్ని అత్తగారే పెట్టి, అందరిచేతా పాటింపజేశారు.

లైఫ్ జాకెట్ల సంగతి కూడా గదితో ముడిపడినదే. 24 గంటలు, అంతకు మించిన ప్రయాణమైతే ఓడలో ఉన్న ప్రతి శిశువుకూ శిశువుల కొలత జాకెట్ ఉండాలని సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు ఉద్దేశించిన అంతర్జాతీయ ఒప్పందం) నియమం. అది గదిలో ఉండవచ్చు, ప్రమాద సమయంలో ప్రయాణికులు చేరవలసిన సమావేశ స్థలంలో ఉండవచ్చు. మొదటి ఓడలో అడిగితే మర్నాడు గానీ జవాబు రాలేదు. రెండో ఓడలో మా గదులు చూసే ఉద్యోగి, పాపను చూసిన వెంటనే, మేము అడగకముందే జాకెట్ తెచ్చి తొడిగి కొలత చూశాడు. తొట్టె ఎక్కడ పెడితే బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో కూడా అతనికి తెలుసు. సీసాలు కడగడానికి వేడినీళ్ల ఫ్లాస్కును రోజుకు రెండుసార్లు నింపి ఇచ్చాడు. గదిలోకి కెటిల్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఆ ఫ్లాస్కు మాకు ఎంతో ఆదుకుంది. నలుగురు పట్టే గదులు ఖాళీగా కనిపిస్తున్నా కొన్నిసార్లు ఎందుకు అమ్మరో అతనే చెప్పాడు. ఒక్కో సమావేశ స్థలానికి కేటాయించిన లైఫ్ బోట్లలో పట్టేంతమందినే ఆ వైపు గదుల్లో ఉంచగలరట. అందుకే చంటిపిల్లలున్న కుటుంబాలు ముందుగా బుక్ చేసుకోవాలి. చివరి నిమిషపు తగ్గింపు ధర కోసం ఆగడం మా వంటివారికి పనికిరాదు.

రెండో యాత్రలో మొదటి సాయంత్రం ఏడున్నరకు అత్తగారు బాబుకు కథ చెబుతూ తానూ నిద్రపోయారు. పాప తొట్టెలో పడుకుంది. మధ్యతలుపు దగ్గరగా వేసి, కుర్చీలు బయటికి తీసుకెళ్లి, గాజు తలుపు గుండా తొట్టె కనిపించేటట్టు బాల్కనీలో కూర్చున్నాము. మావారు పదకొండు దాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఉదయం పాప ఆరుంపావుకు లేచింది, నవ్వుతూ లేచింది. వచ్చే ప్రయాణానికి అదే తరగతి ఓడలో, అదే వైపున, ఒక డెక్ కిందనున్న రెండు గదులను ఇప్పటికే గుర్తు పెట్టుకున్నాము. వాటికి పైనా కిందా గదులే ఉన్నాయని డెక్ ప్లాన్‌లో మావారు ఒకసారి, నేను ఒకసారి విడివిడిగా సరిచూశాము.