గిమ్లీయా, మార్కర్‌విలా? కెనడాలో ఐస్‌లాండ్ వలస రైతుల ఊళ్లు

కెనడాలో ఐస్‌లాండ్ వలస కుటుంబాలు బతికిన చోటు చూడాలంటే అందరూ గిమ్లీ పేరే చెబుతారు. విన్నిపెగ్‌కి 90 కిలోమీటర్లు, 1875లో మొదలైన ఊరు, మంచి మ్యూజియం, సరస్సు ఒడ్డున బీచ్. పిల్లలకి కాలక్షేపం కూడా. కాకపోతే అక్కడి బతుకులో సగం చేపల వేటే. పొలం, పశువులు, పాల మధ్య పెరిగిన బాల్యం చూడాలంటే అల్బర్టాలోని మార్కర్‌విలే మేలు.

కాల్గరీ నుంచి హైవే 2 మీద ఉత్తరానికి వచ్చి, ఇన్నిస్‌ఫెయిల్ దగ్గర 54 మీద పడమరకి తిరిగి, తర్వాత 781 పట్టుకోవాలి. గంటన్నర పైనే. ఎడ్మంటన్ నుంచి సుమారు రెండు గంటలు. కారు లేకుండా కుదరదు. చుట్టుపక్కల కంకర రోడ్లుంటాయి, వాన పడితే మెల్లగా పోవాలి.

ముందు ఊరికి ఉత్తరాన 7 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టెఫాన్‌సన్ హౌస్ చూడండి. కవి స్టెఫాన్ జి. స్టెఫాన్‌సన్ 1889లో డకోటా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. అప్పట్లో 10 డాలర్ల రుసుముకి 160 ఎకరాలు ఇచ్చేవారు. మూడేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తేనే పట్టా. దుంగల ఇంటితో మొదలుపెట్టి, సంసారం పెరిగేకొద్దీ గదులు కలుపుకుంటూ పోయారు. బయట పలకలు కొట్టేయడంతో లోపలి దుంగలు కనపడవు, గైడ్‌ని అడిగి తెలుసుకోవాలి. పగలు పొలం పని, రాత్రి కవిత్వం. ఆయన రాసుకున్న గది ఎంత చిన్నదో చూస్తేగానీ తెలీదు. పావుగంటలో చుట్టేసి వెళ్లిపోతే డబ్బు దండగ.

తర్వాత మార్కర్‌విల్ క్రీమరీ, అంటే రైతుల మీగడ కొని వెన్న చేసిన చోటు. భవనం 1902 నాటిది, లోపల పాతకాలపు యంత్రాలూ ఉన్నాయి. ఇక్కడికి చేరే మీగడ మొదట ఇంటి దగ్గర తయారయ్యేది. పూటపూటా పాలు పితికి, పాల నుంచి మీగడ వేరుచేసే సెపరేటర్ యంత్రం పిడి ఒకే వేగంతో తిప్పాలి. చెయ్యి మందగిస్తే వెన్న, మీగడ తీసిన పాలలోకి పోయి మీగడ పలచబడుతుంది. డబ్బులేమో వెన్న శాతాన్ని బట్టి కదా! సెపరేటర్ లోపలి బిళ్లలు ప్రతిసారీ విప్పి కడగకపోతే మీగడ పులిసి గ్రేడు పడిపోతుంది. వెన్న తీసిన పాలు దూడలకి, పందులకి. ఇలాంటి పనుల్లో పిల్లల చేతులూ పడేవి.

క్రీమరీలోనే కాఫీ దుకాణం ఉంది. ఎండు ప్లమ్ ముద్దని పొరల మధ్య పెట్టి, యాలకుల వాసనతో చేసే ఐస్‌లాండ్ వారి కేకు వీనార్‌టెర్టా తప్పక తినాలి. మామూలుగా దీంట్లో గుడ్డు వేస్తారు, శాకాహారులు అడిగి తీసుకోండి. భోజనం వెంట తెచ్చుకోవడమే నయం. పెరుగన్నం ఉంటే ఇంకేం కావాలి.

బసకి ఇన్నిస్‌ఫెయిల్ సరిపోతుంది, ఎక్కువ గదులు కావాలంటే రెడ్ డీర్. సిల్వన్ లేక్ అందంగా ఉంటుంది కానీ వేసవి వారాంతాల్లో ధర ఎక్కువ, రద్దీ ఎక్కువ. స్టెఫాన్‌సన్ హౌస్, క్రీమరీ రెండూ వేసవి సీజన్‌లోనే తెరుస్తారు. సెప్టెంబర్‌లో అనుకుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. దోమల మందు మర్చిపోవద్దు. ఆగస్టు మొదటి వారాంతంలో గిమ్లీకి వెళ్తే అక్కడ ఐస్‌లాండిక్ పండుగ, గదులు నెలల ముందే పట్టుకోవాలి.