సెకండ్‌హ్యాండ్ 70–200 లెన్స్ కొంటున్నారా? డబ్బు పంపకముందే ఇది చదవండి

సైకిల్ రేసులు, మారథాన్లు, ఊళ్ళో కబడ్డీ పోటీలు ఫొటోలు తీసేవాళ్ళందరూ ఇది చదవండి. పాత లెన్సులు అమ్మే ఆ షాపు ఏదో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయడం లేదు. 70–200 ఎఫ్/2.8 లెన్స్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగే జూమ్) 62 వేలకు అక్కడే కొన్నాను. ‘కండిషన్ పదికి తొమ్మిది, ఏడు రోజులు చెకింగ్ టైము’ అని ఫోన్లో చెప్పారు. అనంతగిరి అడవిలో సైకిల్ ట్రెయిల్ (మట్టి బాట) మీద తీసిన ఫొటోల్లోనే తేడా తెలిసిపోయింది. ఫ్రేములో కుడి సగాన ఉన్న రైడర్ల హెల్మెట్ మీది స్టిక్కర్లు కూడా చదవొచ్చు. ఎడమ సగాన ఉన్నవాళ్ళ నంబరు ప్లేట్లే మసక. వారం తిరక్కముందే లెన్సూ లాప్‌టాపూ తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టాను.

షాపతను లెన్స్ చేతిలోకి కూడా తీసుకోలేదు. తెర మీద ఫొటో వైపు ఒక్క చూపు చూసి, “లెన్స్‌ల ఏం లేదన్నా. ఉరికే సైకిల్‌ని పట్టుడు అందరికీ రాదు. మంచిగ నేర్చుకొని రా” అన్నాడు. పక్కన వేరే కస్టమర్లు నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందే. ఏడు రోజుల మాట ఎత్తితే, “నేనెప్పుడన్న? కాయితం మీద రాసిచ్చిన్నా?” అని మొహం తిప్పేసుకున్నాడు. డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే ఒళ్ళు మండుతోంది. అది నోరు జారి అన్న మాట కాదు. స్పోర్ట్స్ ఫొటో మసకగా రావడానికి సవాలక్ష కారణాలుంటాయి, లోపం లెన్స్‌దేనని కొన్నవాడు అక్కడికక్కడ నిరూపించలేడు. అది తెలిసి అన్న మాట. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్ళు అది నమ్మేసి, తమకే చేతకావడం లేదనుకుని అదే లెన్స్‌తో నెలల తరబడి అవస్థ పడతారు. ఇంతా రాస్తున్నది వాళ్ళ కోసమే.

తర్వాత సర్వీస్ సెంటర్‌లో విప్పి చూశారు. ఎప్పుడో కిందపడిన లెన్స్ అనీ, లోపల ఒక ఎలిమెంట్ గ్రూపు (అద్దాల జట్టు) పక్కకు ఒరిగిందనీ, ఇదివరకే ఎవరో విప్పి బిగించారనీ కాగితం మీద రాసిచ్చారు. షాపులో ఇది బయటపడదు. షాపువాళ్ళు చూపించేది ఎఫ్/8 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం చిన్నది చేసి, కదలని వస్తువును, కెమెరా వెనకున్న చిన్న తెర మీద. ఎఫ్/8 దగ్గర ఇలాంటి లోపం చాలావరకు కప్పబడిపోతుంది. మనం రేసులో వాడేది రంధ్రం పూర్తిగా తెరిచి ఎఫ్/2.8 దగ్గర, 200 మిల్లీమీటర్లలో.

ముందు మసకను చదవడం తెలియాలి. ఫొటోను లాప్‌టాప్‌లో 100 శాతానికి పెంచి, రైడర్‌ని వదిలేసి నేలను చూడండి. టైరుకు ముందో వెనకో ఎక్కడో ఒకచోట రాళ్ళు, ఆకులు స్పష్టంగా ఉండి రైడర్ మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. నేలా రైడరూ అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే కెమెరా కదిలింది. టైరు కింది నేల స్పష్టంగా ఉండి రైడర్ ఒక్కడే సాగితే అతని వేగానికి షట్టర్ స్పీడ్ చాలలేదు, 1/500 ఉంటే 1/1250కో 1/1600కో పెంచాలి. చెట్ల నీడలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200, 6400 దాకా పోక తప్పదు, కానీ దానివల్ల వచ్చే గరుకుదనం ఫ్రేమంతా ఒకేలా ఉంటుంది. కాబట్టి ‘ఐఎస్ఓ ఎక్కువ పెట్టారు’ అన్న సాకు ఒక పక్కే మసకగా ఉండటానికి చెల్లదు. ఏ రైడర్‌ని తీసినా, ఎంత దూరంలో తీసినా ఫ్రేములో అదే పక్క మెత్తబడుతోందంటే లెన్స్‌ని అనుమానించాలి.

దాన్ని రుజువు చేసే పరీక్షకు పావుగంట చాలు. గోడకు న్యూస్‌పేపర్లు అంటించండి, మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు. ట్రైపాడ్ మీద కెమెరాను గోడకు సరిగ్గా ఎదురుగా పెట్టి 200 మిల్లీమీటర్లు, ఎఫ్/2.8 ఉంచి, స్టెబిలైజర్ (చేతి వణుకును సరిదిద్దేది) ఆపేయండి. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) మధ్య కాగితం మీద ఫోకస్ చేసి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. ఒక పక్క అక్షరాలు మసకగా ఉన్నాయనుకోండి, వెంటనే లెన్స్‌ని తప్పు పట్టకండి, కెమెరా గోడకు కాస్త ఏటవాలుగా ఉన్నా అలాగే వస్తుంది. కెమెరాను తలకిందులుగా బిగించి మళ్ళీ తీయండి. మసక గోడ మీద అదే కాగితం దగ్గర ఉండిపోతే తప్పు మీరు పెట్టిన కోణంలో ఉంది. కెమెరాతో పాటు తిరిగి గోడ రెండో వైపుకు వెళ్తే లెన్స్ లోపల ఒరిగింది. ఈ రెండు ఫొటోలు చూపించాక ‘నేర్చుకొని రా’ అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఆటోఫోకస్‌ని షాపు లోపల పరీక్షించడం దండగ, రోడ్డు మీదకు రావాలి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా మీద 200 మిల్లీమీటర్లు, ఎఫ్/2.8, పది మీటర్ల దూరం అంటే స్పష్టంగా ఉండే మందం మొత్తం 40 సెంటీమీటర్ల చిల్లర. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిల్ సెకనులో పదో వంతులో 80 సెంటీమీటర్లు దాటేస్తుంది. సెకనుకు పది ఫ్రేములు తీసే బాడీ (లెన్స్ కాక మిగతా కెమెరా) మీద ప్రతి ఫ్రేముకూ లెన్స్ మోటారు మళ్ళీ కదలాల్సిందే. మోటారు అలసిపోయి ఉంటే కదలని వస్తువు మీద చక్కగా పట్టి, ఎదురొచ్చే సైకిల్ మీద చేతులెత్తేస్తుంది. తెలిసినవాళ్ళెవరినైనా 40 మీటర్ల దూరం నుంచి సైకిల్ మీద సూటిగా మీ వైపు రమ్మనండి. కదిలేదాన్ని వెంటాడే ఫోకస్ మోడ్ (కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్‌లో ఏఎఫ్-సి), మధ్య పాయింటు ఒక్కటే, 1/1600, హై స్పీడ్ బర్స్ట్. ఫొటోలన్నిటిలో ఫోకస్ ఒకే కొలతలో ముందుకో వెనక్కో ఉంటే మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉన్న డీఎస్ఎల్ఆర్‌లో మెనూలోంచే సరిచేయొచ్చు. ఒకసారి ముందు, ఒకసారి వెనక, మధ్యలో వేట ఆడుతున్నట్టు అటూ ఇటూ పోతుంటే, అదే లెన్స్‌ని ఇంకో బాడీ మీద పెట్టి చూడండి. అక్కడా అంతేనంటే వదిలేయండి. ఫోకస్ అవుతున్నప్పుడు కీచుమనే శబ్దం వచ్చినా వదిలేయండి, ఆ మోటారు ఎక్కువ కాలం రాదు.

స్టెబిలైజర్ ఆన్ చేసి షట్టర్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో బొమ్మ కుదురుకోవాలి. ఎగిరిపడినా వణికినా ఆ భాగం పోయినట్టే. రోడ్డు మీద పోయే ఆటోలను 1/60 దగ్గర ప్యానింగ్ చేసి (వాటితో పాటే కెమెరాను తిప్పుతూ తీసి) చూడండి. కెనాన్ లెన్సుల్లో దీనికి మోడ్ 2 వాడాలి.

లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసే అపర్చర్ రెక్కలకు నూనె పట్టిన లెన్సులు కూడా చాలా తిరుగుతున్నాయి. మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో ఎఫ్/11 పెట్టి, గోడ మీద వరసగా పది ఫ్రేములు కొట్టండి. కొన్ని ఎక్కువ తెల్లగా వస్తే రెక్కలు బద్ధకంగా మూసుకుంటున్నాయని అర్థం. ఇది మాత్రం పగటి వెలుతురులోనే చేయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షాపులో చేస్తే తేడా లైటుదో లెన్స్‌దో తేలదు, అమ్మేవాళ్ళకు ఇంకో సాకు దొరుకుతుంది. ఇండోర్ స్టేడియంలో కబడ్డీ తీసేవాళ్ళకు ఈ మినుకు బాగా తెలిసే ఉంటుంది.

వెనక మౌంటు (కెమెరాకు బిగించే రింగు) మీద స్క్రూలను దగ్గరగా చూడండి. జపాన్ కంపెనీలు వాడే స్క్రూల గాడి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు సరిపోదు, బయట విప్పితే తల చెదిరి మెరుస్తుంది. ఫిల్టర్ రింగు ఒకచోట వంగి సరిచేసినట్టున్నా, లెన్స్ చుట్టూ ఉండే ట్రైపాడ్ కాలర్ మీద ఒక ముక్క మాత్రమే కొత్త రంగు కనిపించినా కిందపడిందనే అనుకోండి. జూమ్ రింగు తిప్పితే ఇసుక నలిగినట్టుంటే ట్రెయిల్ దుమ్ము లోపలికి చేరింది. టార్చి వెలుతురు ఏటవాలుగా వేసి లోపలికి చూడండి. నాలుగు దుమ్ము కణాలతో నష్టం లేదు, సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చిన లెన్సులకు ఇది మరీ ముఖ్యం, సముద్రపు తేమలో బ్యాగులోనే ఉంచేసిన లెన్స్‌కి పట్టేస్తుంది.

బాడీ కొనేవాళ్ళు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో) చూడకుండా కొనొద్దు. స్పోర్ట్స్ కోసం అందరూ వెతికే పాత బాడీలు కెనాన్ 7డి మార్క్ 2, నికాన్ డి500 రెండింటి షట్టర్‌కూ కంపెనీ చెప్పే ఆయుష్షు 2 లక్షల క్లిక్కులు. రేసుకు రెండు వేల ఫ్రేములు కొట్టేవారి చేతిలో అది వంద రేసులకు అయిపోతుంది. ఫైలు పేరులోని నంబరు చూపించి ‘చూడండి, నాలుగు వేలే’ అంటారు. అది 9999 తర్వాత మళ్ళీ మొదటికే వస్తుంది, దాన్ని నమ్మకండి. నికాన్ అయితే అప్పుడే తీసిన ఫొటో ఫైలులోనే కౌంట్ ఉంటుంది. చాలా కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఫైలులో రాదు, కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి.

ఇక డబ్బు సంగతి. బిల్లు మీద లెన్స్ సీరియల్ నంబరు, ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో రాయించుకోండి. రాయనంటే ఆ మాటే వాట్సాప్‌లో పంపించమనండి. షాపు మోసం చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. అసలు లెన్సే పంపకుండా ఆన్‌లైన్‌లో డబ్బు కొట్టేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సర్వీస్ సెంటర్ కాగితం, గోడ ఫొటోలు జతచేసి నా ఫిర్యాదు వెళ్ళింది. రేసు దగ్గరపడిందని తొందరపడి మాత్రం కొనకండి, ఇదే లెన్స్ రోజు అద్దెకు హైదరాబాద్‌లో దొరుకుతుంది.