యమహా డీఎక్స్7 కావాలా, టీఎక్స్81జెడ్ కావాలా?

రెండూ ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) సింథ్‌లే, అంటే శబ్దాన్ని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాయిద్యాలు. ఒక తరంగం ఇంకో తరంగాన్ని వేగంగా ఊపితే కొత్త శబ్దం పుట్టడమే వీటి కిటుకు. ఆ తరంగాలను పుట్టించే ఆపరేటర్లు 1983 నాటి డీఎక్స్7లో ఆరు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే తీరులు, అంటే అల్గారిథమ్‌లు, 32. 1987లో వచ్చిన టీఎక్స్81జెడ్‌లో ఆపరేటర్లు నాలుగే, అల్గారిథమ్‌లు ఎనిమిది.

లెక్క చూస్తే డీఎక్స్7దే పైచేయి. దాని ఎలక్ట్రిక్ పియానోనే తీసుకోండి. ఆరు ఆపరేటర్లూ మూడు జతలు. ఒక జతలో పలికే ఆపరేటర్ నిష్పత్తి (నొక్కిన స్వరం కంటే ఎన్ని రెట్లు వేగంగా కంపిస్తుందన్నది) 1, దాన్ని ఊపేదానిది 14. కీని గట్టిగా నొక్కితే ఆ 14 పైకి తేలి, గాజు గ్లాసును చెంచాతో తట్టినట్టు టింగుమంటుంది. మిగతా రెండు జతలు నిండుదనం ఇస్తాయి. నాలుగు ఆపరేటర్లతో ఇంత చిక్కదనం కష్టమే.

కానీ డీఎక్స్7కి తెలిసింది నున్నటి వంపుల సైన్ తరంగం ఒక్కటే. టీఎక్స్81జెడ్‌లో ఎనిమిది రకాల తరంగాలున్నాయి కాబట్టి రెండు ఆపరేటర్లతోనే కరుకైన బేస్ (లోతైన మంద్ర శబ్దం) వచ్చేస్తుంది. డాన్స్ సంగీతంలో పేరుమోసిన 'లేట్లీ బేస్' అనే రెడీమేడ్ శబ్దం దీనిదే. పైగా ఒకేసారి ఎనిమిది వేర్వేరు శబ్దాలు పలికిస్తుంది. డీఎక్స్7 ఒక్కదానితో సరి.

ఎడిటింగ్ అంటారా, రెండింటితోనూ తలనొప్పే: బుల్లి స్క్రీన్, బోలెడు మెనూలు. బేస్ కోసమైతే నేను కళ్లు మూసుకుని టీఎక్స్81జెడ్ తీసుకుంటా. గంట మోతలు, పియానోలకి డీఎక్స్7.