ప్యాచ్ పంపే ముందు: బదలాయింపా, సీఎల్‌ఏనా, సైన్డ్-ఆఫ్ లైనా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీలకు పనిచేసేవాళ్లు ఇప్పుడు కనిపిస్తూనే ఉన్నారు. వాళ్లలో కొందరు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు మరికొందరు, తీరిక దొరికితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్) ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, రాస్తారు. కోడ్ నడిస్తే చాలనుకుని పంపబోతే, ప్రాజెక్టు ముందు హక్కుల సంగతి తేల్చమంటుంది. అడిగే తీరు ప్రాజెక్టుకొకటి.

అన్నింటికన్నా బరువైనది కాపీరైట్ బదలాయింపు. పొలం రిజిస్ట్రేషన్ చేసి ఇచ్చేసినట్టే, కోడ్ ఇక మీ పేరున ఉండదు. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌కు చెప్పుకోదగ్గ మార్పు పంపితే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు ఈ పత్రం రాసివ్వాలి. సుమారు 15 లైన్లకు మించని మార్పుకు మినహాయింపు ఉంది. సొంత కోడ్‌ను వాడుకునే హక్కును ఫౌండేషన్ తిరిగి మీకే ఇస్తుంది కాబట్టి మరీ బెదరాల్సిన పనిలేదు. యజమాని ఒక్కరే అయితే లైసెన్సు ఉల్లంఘించినవాళ్లను కోర్టుకు ఈడ్వడం సులువన్నది వాళ్ల వాదన. అయినా జీసీసీ అనే కంపైలర్ ప్రాజెక్టు 2021లో ఈ నిబంధనను వదిలేసింది.

సీఎల్‌ఏ, అంటే కాంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్, కౌలు లాంటిది. యాజమాన్యం మీదే, వాడుకునే హక్కు వాళ్లకు. ఇక్కడ చూడాల్సింది అడుగుతున్నది ఎవరన్నది. అపాచీ ఫౌండేషన్ వంటి లాభాపేక్ష లేని సంస్థ అయితే నేను పెద్దగా ఆలోచించను. ఒకే కంపెనీ చేతిలో ఉన్న ప్రాజెక్టు, ఏ లైసెన్సు కిందకైనా మార్చుకునే హక్కు అడిగితే మాత్రం ఆగి చదువుతాను. హాషీకార్ప్ 2023 ఆగస్టులో టెర్రాఫామ్ అనే సర్వర్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను ఎంపీఎల్ (మొజిల్లా పబ్లిక్ లైసెన్స్) అనే స్వేచ్ఛా లైసెన్సు నుంచి, పోటీదారుల వాడకాన్ని పరిమితం చేసే బిజినెస్ సోర్స్ లైసెన్సుకు మార్చినప్పుడు, బయటివాళ్లు రాసిన కోడూ దానితోపాటే వెళ్లింది. పాత వెర్షన్ల మీద ఎంపీఎల్ చెక్కుచెదరలేదు కనుకనే వాటి ఆధారంగా ఓపెన్‌టోఫు అనే వేరే స్వేచ్ఛా ప్రాజెక్టు పుట్టగలిగింది.

మూడోది డీసీఓ, అంటే డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. లినక్స్‌లో తమ కోడ్ చేరిందంటూ ఎస్‌సీఓ సంస్థ 2003లో ఐబీఎం మీద దావా వేశాక, ఏ లైను ఎవరు రాశారో తేల్చుకోవాల్సి వచ్చి, లినక్స్ కెర్నల్ 2004లో దీన్ని తెచ్చింది. కమిట్ (నమోదు చేసే మార్పు) సందేశం చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ అని మీ పేరు, ఈమెయిల్ ఉంటాయి. మార్పులను నమోదు చేసే గిట్ సాధనంలో కమిట్ ఆదేశానికి ‘-ఎస్’ తగిలిస్తే ఆ లైను దానంతటదే పడుతుంది. ఈ కోడ్‌ను ప్రాజెక్టు లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది అని చెప్పడమే దాని అర్థం. అంతకు మించి ఏదీ చేతులు మారదు. రేపు లైసెన్సు మార్చాలంటే రాసినవాళ్లందరినీ అడగాలి. వీఎల్‌సీ మీడియా ప్లేయర్ వాళ్లు ఎల్‌జీపీఎల్ అనే మరో స్వేచ్ఛా లైసెన్సుకు మారడానికి ఎందరెందరినో వెతికి ఒప్పించాల్సి వచ్చింది. ప్రాజెక్టుకు అది తలనొప్పే కావచ్చు, రాసినవాడికి మాత్రం కాపలా. నన్నడిగితే మూడింటిలో ఇదే మేలు. లిబ్రే ఆఫీస్ పద్ధతీ తేలికే: నా మార్పులను ఎంపీఎల్, ఎల్‌జీపీఎల్ రెండింటి కిందా వాడుకోవచ్చని ఒక ఈమెయిల్ పంపితే సరిపోతుంది.

సీఎల్‌ఏలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు చూసి కొందరు కంగారు పడతారు. మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అనే లెక్క. ఆ మాటలు లేకపోతేనే చిక్కు.

అసలు తిరకాసు 17వ సెక్షన్‌లో ఉంది. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యజమాని కంపెనీయే. మీది కాని కోడ్‌కు ఏ సంతకం పెట్టినా ఒకటే. డీసీఓ అయితే నేరుగా అబద్ధం రాసినట్టు. ‘ఉద్యోగ కాలంలో రూపొందించినదంతా కంపెనీదే’ అన్న వాక్యం ఆఫర్ లెటర్ వెంట వచ్చే పేజీల్లో ఎక్కడో ఉంటుంది. జీతం అంకె చూసి సంతకం పెట్టినవాళ్లు దాన్ని ఇప్పుడైనా తీసి చదవాలి. ఉంటే, ప్రాజెక్టు పేరు, లైసెన్సు, సొంత సమయం, సొంత ల్యాప్‌టాప్ అని వివరంగా రాసి మేనేజరు నుంచి ఈమెయిల్‌లో అనుమతి తీసుకోవాలి. నోటిమాట వద్దు.

డిప్లొమా మొదటి ఏడాది పిల్లలది వేరే ఇబ్బంది. 18 నిండనివాళ్ల ఒప్పందం మన చట్టంలో చెల్లదు. సీఎల్‌ఏ అడిగితే అమ్మానాన్నల సంతకం కుదురుతుందేమో ప్రాజెక్టువాళ్లనే ముందుగా అడగాలి. కుదరదంటే, బగ్‌ను వివరంగా నమోదు చేయడానికి ఈ కాగితాలేవీ అక్కర్లేదు.