ఋషికుల్య ఒడ్డున తాబేళ్ల రాత్రి నడక: వెళ్లదలచినవారికి ఒక సమీక్ష

ఋషికుల్య నది బంగాళాఖాతంలో కలిసే మొగ ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉంది. ఆ చుట్టుపక్కల మత్స్యకార గ్రామాల్లో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. అటువంటి ఒక గ్రామంలోని కొందరు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సందర్శకులను రాత్రివేళ ఒడ్డు వెంట నడిపించి ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల గురించి వివరిస్తున్నారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి పిల్లలతో వెళ్లాలనుకుంటున్న మిత్రులు కొందరు ఈ ఏర్పాటు ఎలా ఉంటుందని అడిగారు కనుక, నాకు నచ్చినవీ నచ్చనివీ వివరంగా రాస్తున్నాను.

ఫోన్ చేసి పేర్లు నమోదు చేసుకునేటప్పుడే వారు ఒక మాట స్పష్టంగా చెబుతారు: తాబేళ్లు కనబడతాయన్న హామీ ఏదీ లేదు. నాకు మొదట నచ్చింది ఇదే. ఈ తీరంలో లక్షల తాబేళ్లు కొద్ది రోజుల వ్యవధిలో ఒక్కసారిగా ఒడ్డెక్కి గుడ్లు పెట్టే సంగతి 1994లో భారత వన్యప్రాణి సంస్థకు చెందిన బివాష్ పాండవ్ ద్వారా శాస్త్రలోకానికి తెలిసింది. అయితే అది ఏటా జరిగి తీరుతుందని చెప్పడానికి లేదు. ఋషికుల్య దగ్గర 2023లో ఆరు లక్షలకు పైగా, 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టగా, నడుమ 2024లో సామూహికంగా గుడ్లు పెట్టడమే జరగలేదు. అయినా విశాఖపట్నం నుంచి బస్సులు నడిపే ఒక యాత్రా సంస్థ, ముందే అచ్చువేసిన తేదీలతో, లక్షల తాబేళ్లను తప్పక చూపిస్తామని ప్రకటన ఇస్తోంది. అటువంటి ప్రకటనను నమ్మి డబ్బు కట్టేవారి మీద నాకు జాలి తప్ప మరేమీ లేదు.

మమ్మల్ని నడిపించినాయన యాభై ఏళ్లు దాటిన మత్స్యకారుడు. అటవీ శాఖ కట్టిన వల కంచెను చూపించి, దానికి ఇవతలే ఉండాలనీ, ఫోన్లు సంచుల్లోంచి తీయరాదనీ, ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు తన చేతిలో తప్ప మరెవరి చేతిలోనూ ఉండరాదనీ మొదటే చెప్పారు. "గాలి దచ్చినానికి తిరగాలి మాస్టారూ, అప్పుడే మందగా వొస్తాయి, నేను పిలిస్తే వొచ్చే చుట్టాలు కావు గదా" అన్నారు. బలమైన దక్షిణపు గాలులు వీచే రోజుల్లోనే మూకుమ్మడి రాక మొదలవుతుందని పరిశోధకులు కూడా గమనించారు కాబట్టి, అది కేవలం ఊరి నమ్మకం కాదు.

మేము వెళ్లిన రాత్రి మంద రాలేదు. కంచెకు ఇవతల ఒంటరిగా ఒడ్డెక్కిన తాబేలు ఒకటి కనబడగా, మమ్మల్ని చాలాసేపు దూరంగా కూర్చోబెట్టారు. ఇసుకలోకి వచ్చేటప్పుడూ గొయ్యి తవ్వేటప్పుడూ ఏమాత్రం అలికిడైనా తాబేలు వెనుదిరుగుతుంది. గుడ్లు రాల్చడం మొదలుపెట్టాక మాత్రం అంత తేలికగా బెదరదు. ఆ దశ వచ్చేదాకా ఆయన ఎవరినీ కదలనివ్వలేదు. విసుగెత్తిన ఒక పెద్దమనిషి తాను రుసుము కట్టానని గుర్తు చేసినా ఆయన చలించలేదు. ఆ తరువాతే వెనుకవైపు నుంచి ఇద్దరిద్దరిని పంపారు. వెనుక తెడ్లతో మూరెడు లోతున కూజా ఆకారంలో తవ్విన గొయ్యిలోకి తెల్లని గుడ్లు జారడం, నూటికి అటూ ఇటూ గుడ్లు పెట్టాక ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పొట్ట డొప్పతో ఆ ఇసుకను దిమ్మిస కొట్టినట్టు అదమడం స్పష్టంగా చూశాము. సందర్శకుడిని నిరాశపరచడానికి సిద్ధపడే ఈ తీరుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

తిరుగుదారిలో నడిచిన భాగం అంతకన్నా విలువైనది. ఒడ్డున ఉబ్బి పడి ఉన్న చచ్చిన తాబేలు దగ్గర ఆయన ఆగి, అది ఎందుకు చచ్చి ఉంటుందో దాచకుండా చెప్పారు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి కనుక ట్రాలర్ వలలో గంటల తరబడి చిక్కితే పైకి రాలేక నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. చేప లోపల మిగిలి, తాబేలు బయటపడేలా వలలో అమర్చే ఇనుప చట్రం ఉన్నా, దాని కిటికీ గుండా కొంత పట్టు జారిపోతుందని మరపడవలవాళ్లు దాన్ని వాడటానికి ఇష్టపడరు. ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం అమలులో ఉంటుంది. తాబేలుకు ప్రాణం పోసే ఆ ఏడు నెలలు మత్స్యకార కుటుంబానికి ఎంత భారమో ఆయన సొంత ఇంటి లెక్కలతో వివరించారు. తాబేళ్ల మీద ప్రేమ ఉన్నంత మాత్రాన నిషేధం మీద కోపం ఉండకూడదా అన్న ఆయన ప్రశ్నకు మా బృందంలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. సంరక్షణ గురించి మాట్లాడే కార్యక్రమాల్లో ఈ వైపు ఇంత నిజాయితీగా వినడం అరుదు.

పరిశోధన గురించి చెప్పిన మాటల్లో మాత్రం ఒక సవరణ అవసరం. మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో 2025 జనవరిలో గుడ్లు పెట్టిన తాబేలు రెక్కకు ఒడిశాలో వేసిన లోహపు ట్యాగ్ కనబడిన ఉదంతాన్ని ఆయన ఎంతో రక్తి కట్టించి చెప్పారు కానీ, దాన్ని ఋషికుల్య తాబేలుగా చెప్పారు. భారత జంతు సర్వేక్షణ సంస్థ పరిశోధకులు దానికి 2021 మార్చిలో ట్యాగ్ వేసినది ఒడిశాలోనే ఉన్న మరో తీరం గహీర్మఠలో. తూర్పు తీరం తాబేళ్లూ పశ్చిమ తీరం తాబేళ్లూ వేర్వేరు మందలన్న అభిప్రాయాన్ని తిరిగి పరీక్షించవలసిన అవసరాన్ని ఆ ఒక్క ట్యాగ్ చూపించింది కనుక, ఊరి మీద అభిమానం ఎంత ఉన్నా ఈ వివరం సరిగ్గా చెప్పడం మంచిది.

సౌకర్యాల విషయంలో చెప్పుకోదగినది ఏమీ లేదు. ఒడ్డుకు దగ్గరలో మరుగుదొడ్డి లేకపోవడం ఆడవారికీ వృద్ధులకూ నిజమైన ఇబ్బంది. రుసుముకు రసీదు ఇవ్వరు. చదువుకోవడానికి ఇచ్చే ఒక్క కాగితం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. వచ్చేవారిలో సగానికి పైగా శ్రీకాకుళం జిల్లావారే అయినప్పుడు తెలుగులో ఒక పుట అచ్చు వేయించడం పెద్ద ఖర్చేమీ కాదు. శనివారం రాత్రి బృందం మరీ పెద్దదైంది. వెనుకవారికి వివరణ వినబడలేదు. రుసుము మాత్రం న్యాయమైనదే: బరంపురంలో ఒక మంచి హోటల్లో ఇద్దరి భోజనానికి అయ్యేదానికి మించదు.

పిల్లలతో వెళ్లేవారు ఫిబ్రవరి కన్నా ఏప్రిల్‌ను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. గుడ్లు పెట్టిన నలభై అయిదు, యాభై రోజులకు తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికి వస్తాయి. సముద్రపు వెలుతురును చూసి నీటివైపు వెళ్లవలసిన ఆ పిల్లలు ఊరి వైపు కరెంటు దీపాలకు మోసపోయి దారి తప్పుతాయి. వాటిని బుట్టల్లోకి ఏరి నీటి అంచున వదిలే పనిని గ్రామస్థులు తెల్లవారేదాకా చేస్తుంటారు. సందర్శకులను చేత్తో ముట్టుకోనివ్వరు గానీ దగ్గర నిలబడి చూడనిస్తారు.

బయలుదేరే రోజు మధ్యాహ్నం మరొకసారి ఫోన్ చేయండి. మంద రావడం మొదలైతే అటవీ శాఖ రాకపోకలను కట్టడి చేస్తుంది, అప్పుడు నడక రద్దవుతుంది. పేర్లు ఇచ్చి అలా ఆగిపోయిన ఒక కుటుంబానికి బయానా మొత్తం మరునాడే తిరిగి ఇచ్చేశారు. ముదురు రంగు బట్టలు, చెప్పులకు బదులు బూట్లు, తాగునీరు వెంట ఉంచుకోవాలి.