అమ్మతో ట్రిప్లికేన్ పార్థసారథి గుడికి

అమ్మకి దివ్యదేశాలు, అంటే ఆళ్వార్లు పాడిన 108 విష్ణు క్షేత్రాలు, చూడాలని ఎప్పటినుంచో కోరిక, అందుకే ఈసారి నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు తీస్కెళ్లా. 108లో 105 మన దేశంలోనే ఉన్నాయి, ఒకటి నేపాల్లో ముక్తినాథ్, మిగతా రెండూ పాలకడలి, పరమపదం, అవి ఈ ఒంటితో చూసేవి కావు. "ఆ రెండూ ఆయనే చూపిస్తాడులేరా, నువ్వు మిగతావి చూపించు చాలు" అంది ట్రైన్లో.

సెంట్రల్ ఎదురుగా పార్క్ టౌన్లో లోకల్ ఎక్కితే తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్ అసలు పేరు) స్టేషన్లో దిగొచ్చు గానీ మెట్లెక్కువ, పెద్దవాళ్లుంటే ఆటోనే మేలు. గుడి దగ్గర లాడ్జిలో రూము శుభ్రంగానే ఉంది, కానీ లిఫ్ట్ ఉందని ఆన్‌లైన్లో పెట్టి తీరా వెళ్తే పని చెయ్యట్లేదన్నారు, అమ్మని రెండో అంతస్తుకి ఎక్కించేసరికి ప్రాణం ఉసూరుమంది.

గుడి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మూలవిరాట్టు వెంకటకృష్ణుడు, నిలువెత్తు మనిషి, మీసాలతో, చేతిలో శంఖం ఉంది చక్రం లేదు, యుద్ధంలో ఆయుధం పట్టనని మాటిచ్చాడు కదా. పక్కన రుక్మిణమ్మ, అన్న బలరాముడు, తమ్ముడు సాత్యకి, కొడుకు ప్రద్యుమ్నుడు, మనవడు అనిరుద్ధుడు, ఇంటిల్లిపాదీ ఉన్నారు. ఉత్సవమూర్తి మొహం మీద భీష్ముడి బాణాల మచ్చలు హారతి వెలుగులో స్పష్టంగా కనబడ్డాయి, అమ్మ చెయ్యి తెలీకుండానే తన చెంప మీదకి పోయింది. తిరుమలలో కళ్లారా చూసేలోపే "జరగండి జరగండి" అంటారు, ఇక్కడ మామూలు రోజు కావడంతో తనివితీరా నిలబడనిచ్చారు. దేవుడంటే ఎక్కడో పైన అనుకుంటాం గానీ దెబ్బలు తగిలిన మొహంతో పిల్లాపాపల మధ్య నిలబడ్డ ఈయన మన ఇంట్లో పెద్దాయనలాగే అనిపించాడు నాకు.

వెనకవైపు పడమర ముఖంగా నరసింహస్వామి ఉన్నాడు, ఆయనకి వేరే ధ్వజస్తంభం, చూడకుండా రావొద్దు. వైకుంఠ ఏకాదశికి పరమపద వాకిలి తెరుస్తారు, పుణ్యమే కానీ ఆ జనంలో ముసలివాళ్లు నిలబడలేరు, మామూలు రోజే నయం. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, ఆ టైములో రత్నా కేఫ్‌లో సాంబార్ ఇడ్లీ తినండి, ఇడ్లీ మునిగేలా పోస్తారు.

మర్నాడు మైలాపూర్ కపాలీశ్వరుడు. గోపురం, కోనేరు అందానికి అదే గొప్ప, కానీ అమ్మ మనసు ట్రిప్లికేన్‌లోనే ఉండిపోయింది.

నెక్స్ట్ కంచి, అక్కడ 14 దివ్యదేశాలు ఉన్నాయంట, అమ్మ అప్పుడే లిస్టు రాసేసింది. కింది అంతస్తులో రూములిచ్చే మంచి చోటు తెలిస్తే చెప్పండి.